గంధకం గని పక్కన గుడ్డు వాసన: ఒక గ్రేకో ది తూఫో కేసు

నేపథ్యం

నేపుల్స్ నుంచి తూర్పుగా కొండల్లోకి గంటసేపు ప్రయాణిస్తే ఇర్పీనియా ప్రాంతం వస్తుంది. అవెల్లినో దాని ముఖ్యపట్టణం. అక్కడికి దగ్గర్లో, సబాతో నది లోయలో తూఫో అనే చిన్న ఊరుంది. గ్రేకో అనే స్థానిక తెల్లద్రాక్షతో చేసే డ్రై వైన్‌కి ఆ ఊరి పేరే పెట్టారు: గ్రేకో ది తూఫో. 2003లో దీనికి డీఓసీజీ హోదా ఇచ్చారు. ఇటలీలో వైన్‌కి అంతకన్నా పై హోదా లేదు. తూఫోతో కలిపి ఎనిమిది ఊళ్ళ తోటల్లో పండిన ద్రాక్షనే వాడాలి. అందులో కనీసం 85 శాతం గ్రేకో ఉండాలి. మిగతాది కోడా ది వోల్పే అనే ఇక్కడి రకమే మరొకటి కలుపుకోవచ్చు.

ఈ కేసు అర్థం కావాలంటే రెండు విషయాలు తెలియాలి. ఒకటి, 1866లో తూఫో దగ్గర గంధకం గని బయటపడింది. 1983లో మూతపడేదాకా ఊళ్ళో చాలామందికి అదే బతుకుతెరువు. అందుకే ఈ వైన్ గురించి ఎవరు రాసినా "గంధకపు నేల" అన్న మాట లేకుండా రాయరు. రెండోది, గ్రేకో రసం గాలి తగిలితే చాలా త్వరగా రంగు మారుతుంది. గాలి తగిలితే గోధుమరంగుకి తిరిగే పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఎక్కువ ఉన్న రకమిది. ప్రెస్ నుంచి వచ్చిన రసాన్ని గ్లాసులో పట్టి పక్కన పెడితే కాసేపటికే కోసి వదిలేసిన ఆపిల్ ముక్క రంగుకి వస్తుంది. ఈ భయంతోనే ఇక్కడి వాళ్ళు గ్రేకోకి గాలి సోకకుండా పిండిన దగ్గర్నుంచి సీసాలో నింపేదాకా కాపలా కాస్తారు. ఈ కేసులో సగం కథ ఆ కాపలాదే.

నేను అవెల్లినోలోనే వైన్ తయారీ చదువుకుని, చుట్టుపక్కల చిన్న సెల్లార్లకు సలహాదారుగా పనిచేస్తున్నాను. ఈ సెల్లార్ ఏ ఊరిదో, ఇది ఏ సంవత్సరం మాటో చెప్పడం లేదు. అంకెలు కూడా గుండ్రం చేశాను.

సమస్య

అది కుటుంబం నడుపుకునే సెల్లార్. పెద్దాయన తోట చూసుకుంటాడు, కొడుకు సెల్లార్ చూసుకుంటాడు. కొంత ద్రాక్ష బంధువుల తోటల నుంచి కొంటారు. వసంతంలో సీసాలో నింపినప్పుడు వైన్ శుభ్రంగా ఉండేది: పియర్ పండు, బాదం, మంచి పులుపు, చివర్లో కాస్త ఉప్పదనం. శరదృతువు వచ్చేసరికి అదే సీసా మూత తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన. కొన్ని సీసాల్లో గుడ్డు కాదు, కాలిన రబ్బరు, ఉడికిన క్యాబేజీ. గ్లాసులో పోసి అరగంట ఉంచితే గుడ్డు వాసన కొంత తగ్గేది గానీ రబ్బరు వాసన మాత్రం కదిలేది కాదు. ఉత్తర యూరప్‌లో వీళ్ళ సరుకు దిగుమతి చేసుకునే ఒకాయన ఒక లాట్ మొత్తం వెనక్కి తీసుకోమన్నాడు. నన్ను పిలిచింది ఆ ఉత్తరం వచ్చాకే.

పెద్దాయన మొదటి రోజే తేల్చేశాడు. "డొత్తొరెస్సా (చదువుకున్న ఆడవాళ్ళని ఇక్కడ ఇలా పిలుస్తారు), కింద గని ఉంది. నేలంతా గంధకమే. వైన్‌లో ఆ వాసన రాకపోతే ఆశ్చర్యపోవాలి గానీ వస్తే ఆశ్చర్యమేముంది? మా నాన్న చేసిన వైన్ కూడా ఇంతే." కొడుకు ఏమీ అనలేదు. లాట్ వెనక్కి వస్తే నష్టం ఎంతో లెక్క వేసిన కాగితం నా ముందు పెట్టాడు.

నేల వాదం ఎందుకు నిలవదు

పెద్దాయన మాటని కొట్టిపారేసి పనిలో దిగితే ఉపయోగం లేదు. తప్పు నేలదే అని నమ్మినవాడు తోటలో గానీ సెల్లార్‌లో గానీ ఏదీ మార్చడు. అందుకని ముందు దాని సంగతే చూడాల్సి వచ్చింది.

మొక్క వేరు నేలలోని గంధకాన్ని సల్ఫేట్ రూపంలో తీసుకుంటుంది. ఆకుల్లో, కాయల్లో అది అమైనో ఆమ్లాలుగా, గ్లూటాథయోన్‌గా మారుతుంది. ఏ నేలలో పెరిగిన ద్రాక్షలోనైనా జరిగేది ఇదే. గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అది లీటరుకి ఒకటి రెండు మైక్రోగ్రాములున్నా ముక్కుకి తెలిసిపోతుంది. తీగ దాన్ని తయారుచేసి కాయలో దాచిపెట్టదు. రసం పులిసేటప్పుడు ఈస్ట్ తయారుచేస్తుంది, లేదా బయటి నుంచి వచ్చిన గంధకం పులిసే రసంలో పడి అలా మారుతుంది.

ఈ రసాయనశాస్త్రం పెద్దాయన చెవికి ఎక్కలేదు. ఆయన్ని ఆలోచనలో పడేసింది వేరే విషయం. అదే సెల్లార్‌లో వాళ్ళు ఫియానో అనే ఇంకో తెల్లద్రాక్షతో కొంచెం వైన్ కూడా చేస్తారు. ఆ తోట గనికి దూరంగా, ఇంకో కొండ మీద, వేరే రకం నేలలో ఉంది. రెండేళ్ళ నాటి ఫియానో సీసాలు తెప్పించి తీశాం. గ్రేకో అంత కాకపోయినా వాటిలోనూ అదే జాతి వాసన. రెండు తోటల నేలలు వేరు. మందు కొట్టే తేదీలు, ట్యాంకులు, చేసే పద్ధతి మాత్రం ఒకటే. పెద్దాయన ఆ గ్లాసుని రెండుసార్లు వాసన చూసి, మాట్లాడకుండా బల్ల మీద పెట్టాడు. ఒప్పుకున్నాడని కాదు. తోట మందుల పుస్తకం చూపించడానికి మాత్రం అభ్యంతరం చెప్పలేదు.

అప్పటికే చేసి చూసినవి

నేను వెళ్ళేసరికి మూడు ప్రయత్నాలు జరిగాయి. ఏదీ పనిచెయ్యలేదు. ఒక్కొక్కటి ఎందుకు పనిచెయ్యలేదో చూస్తే దారి దొరుకుతుందని వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగాను.

మొదటిది గాలి ఆడించడం. చలికాలంలో వైన్‌ని ఒక ట్యాంక్ నుంచి ఇంకో ట్యాంక్‌లోకి పైనుంచి ధారగా పోశారు. వాసన తగ్గింది, రంగు ముదిరింది, వేసవికి వాసన తిరిగొచ్చింది. హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే గాలికి చాలావరకు ఎగిరిపోతుంది. అది అప్పటికే మెర్కాప్టన్లుగా, అంటే రబ్బరు, క్యాబేజీ లాంటి వాసనలిచ్చే గంధకపు సమ్మేళనాలుగా మారి ఉంటే, గాలిలోని ఆక్సిజన్ వాటిని రెండేసి చొప్పున కలిపి డైసల్ఫైడ్లు చేస్తుంది. డైసల్ఫైడ్ల వాసన అంత త్వరగా ముక్కుకి తగలదు కాబట్టి పని అయిపోయిందనుకుంటాం. సీసాలో గాలి లేని చోట అవి మెల్లగా విడిపోయి మళ్ళీ మెర్కాప్టన్లవుతాయి. పైగా గ్రేకోకి ఆ దశలో గాలి ఇస్తే, దాన్ని తాగేసే ఈస్ట్ అప్పటికి ఉండదు. ఆక్సిజన్ నేరుగా రంగు మీద పడుతుంది.

రెండోది రాగి. సీసాలో నింపే ముందు కాపర్ సల్ఫేట్ కలిపారు. మన రైతులకి తెలిసిన మైలుతుత్తమే, కాకపోతే వైన్‌కి వాడే శుద్ధిలో దొరుకుతుంది. యూరప్ నిబంధనల ప్రకారం హెక్టోలీటరుకి, అంటే వంద లీటర్లకి, 1 గ్రాము దాటకూడదు, తయారైన వైన్‌లో రాగి లీటరుకి 1 మిల్లీగ్రాము మించకూడదు. వీళ్ళు పరిమితి లోపలే ఉన్నారు. రాగి కలిపిన మర్నాడు వైన్ అద్దంలా ఉందని కొడుకు చెప్పాడు. ఆరు నెలల తర్వాత మళ్ళీ గుడ్డు. రాగి సల్ఫైడ్‌ని పట్టుకుంటుంది నిజమే. అలా ఏర్పడిన కాపర్ సల్ఫైడ్ అడుగుకి దిగిపోతుందని పుస్తకాల్లో ఉంటుంది గానీ, వైన్‌లో అది చాలావరకు కంటికి కనపడనంత సన్నగా తేలుతూనే ఉంటుంది, ఫిల్టర్‌కి కూడా దొరకదు. సీసాలో ఆక్సిజన్ అయిపోయాక ఆ బంధం సడలి సల్ఫైడ్ మళ్ళీ బయటికొస్తుంది. వీళ్ళు వాడిన కార్క్ కూడా గాలిని దాదాపు చొరనివ్వని రకం.

మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. కిందటి కోతకి ఎవరో సలహా ఇస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచెయ్యని ఈస్ట్ కొన్నారు. అలాంటి ఈస్ట్‌లు నిజంగానే ఉన్నాయి. సల్ఫైట్‌ని సల్ఫైడ్‌గా మార్చే ఎంజైమ్ వాటిలో సరిగా పనిచెయ్యదు. ఖరీదైన సరుకు. అది వాడినా వాసన వచ్చింది. ఇంట్లో అందరూ నేల వాదానికి దాన్నే రుజువుగా చూపించారు: "ఈస్ట్ మార్చినా పోలేదంటే నేల కాక ఇంకేమిటి?"

నాకు అందులో ఇంకో సంగతి కనిపించింది. ఆ ఎంజైమ్ లేని ఈస్ట్ కూడా సల్ఫైడ్‌ని ఇచ్చిందంటే, అది సల్ఫైట్ దారిలో రాలేదు. పొడి గంధకం రేణువులు పులిసే రసంలో ఉంటే ఆ ఎంజైమ్‌తో నిమిత్తం లేకుండానే సల్ఫైడ్ పుడుతుంది. అంటే గంధకం ఉన్నమాట నిజం. అది నేల నుంచి కాకుండా కాయ మీద నుంచి వచ్చి ఉండాలి.

గ్లాసుల పరీక్ష

అనుమానాల మీద పనిచెయ్యకుండా ముందు వాసన ఏ రకానిదో తేల్చుకోవాలి. దీనికి పాత పద్ధతి ఒకటుంది. నాలుగు గ్లాసుల్లో ఒకే వైన్ కొలిచి పోస్తాం. మొదటి దానిలో ఏమీ కలపం. రెండోదానిలో కాపర్ సల్ఫేట్ చుక్కలు. మూడోదానిలో కాడ్మియం సల్ఫేట్ చుక్కలు. నాలుగోదానిలో ముందు ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్ సి) వేసి, కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు కాపర్. కాడ్మియం విషం. అందుకని ఈ గ్లాసుల్లో ఏదీ నోట్లో పెట్టకూడదు, వాసనే చూడాలి. ఆ ద్రవాన్ని సింకులో పొయ్యకూడదు, ల్యాబ్ వాళ్ళకి అప్పగించాలి.

కాడ్మియం హైడ్రోజన్ సల్ఫైడ్‌ని మాత్రమే తీసేస్తుంది. రాగి దాన్నీ, మెర్కాప్టన్లనీ రెండిటినీ తీస్తుంది. డైసల్ఫైడ్లని ఈ రెండూ ముట్టుకోలేవు. ఆస్కార్బిక్ ఆమ్లం సాయంతో వాటిని ముందు మెర్కాప్టన్లుగా విడగొడితేనే రాగికి దొరుకుతాయి.

కిందటేడు సీసాలో కాడ్మియం గ్లాసు కొంచెమే మెరుగుపడింది. రాగి గ్లాసు ఇంకాస్త నయం. నాలుగో గ్లాసు ఆ మూడింటికన్నా శుభ్రంగా ఉంది. అంటే మూడూ కలిసి ఉన్నాయి. అప్పుడే పులియడం పూర్తయిన కొత్త వైన్‌లో మాత్రం కాడ్మియం, రాగి గ్లాసులు రెండూ సమానంగా శుభ్రపడ్డాయి. అంటే ఇంకా అది ఉత్త హైడ్రోజన్ సల్ఫైడే, ముదరలేదు. జబ్బు పులిసే రోజుల్లో మొదలై, మడ్డి మీద ముదిరి, సీసాలో బయటపడుతోందన్నమాట. సీసా దగ్గర మందు వెయ్యడం ఎందుకు కుదరలేదో దీంతో తేలిపోయింది.

రెండు ట్యాంకులు, రెండు కారణాలు

ఆ ఏడాది కోత సమయానికి నేను చూడటం తప్ప పెద్దగా మార్పులు చెయ్యలేదు. మార్చకపోవడం నా నిర్ణయమే. నాలుగు విషయాలు ఒకేసారి మార్చి వాసన పోతే, ఏది పనిచేసిందో తెలియదు. మరుసటేడు ఖర్చు తగ్గించుకోవడానికి వాళ్ళు దేన్నో ఒకదాన్ని మానేస్తారు. సాధారణంగా మానకూడనిదే మానేస్తారు.

ప్రెస్ నుంచి రసం రెండు రకాలుగా వస్తుంది. పెద్దగా ఒత్తకుండానే కారే తొలి రసం ఒకటి, గట్టిగా పిండితే వచ్చే రసం ఒకటి. వీళ్ళు రెండిటినీ వేర్వేరు ట్యాంకుల్లో పులియబెట్టి, పులిసిన వెంటనే కలిపేస్తారు. తొలి రసాన్ని ఎంజైమ్ వేసి, చల్లబెట్టి, నీళ్ళలా అయ్యేదాకా తేరుస్తారు. మసకని ఎన్‌టీయూ అనే కొలమానంలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ మసక ఎక్కువ. ఇక్కడ 30 ఎన్‌టీయూ కూడా లేదు. పిండిన రసానికి ట్యాంక్ ఖాళీ లేక, రాత్రి ఉంచి పొద్దున్నే పులియడానికి వదిలేస్తారు. అది బాగా మసకగా ఉంటుంది.

ట్యాంక్‌కి ఒక పేజీ చొప్పున కొడుకు చేత పొద్దున, సాయంత్రం సాంద్రత (చక్కెర తగ్గేకొద్దీ ఇదీ తగ్గుతుంది), ఉష్ణోగ్రత, వాసన రాయించాను. వాసన గడిలో "బాగుంది", "బాగాలేదు" రాయడం కాదు. ఏ వాసన, ఎంత అన్నది సున్నా నుంచి మూడు దాకా అంకె వెయ్యమన్నాను. మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత ఈ కేసుని విప్పింది ఆ పేజీలే.

తొలి రసం ట్యాంక్‌లో మొదటి రోజులు ఏ వాసనా లేదు. చక్కెర మూడో వంతు తగ్గిన దగ్గర గుడ్డు వాసన మొదలైంది. ఈస్ట్‌కి ఆహారమయ్యే నత్రజనిని ఫార్మాల్ అనే ల్యాబ్ పరీక్షతో ముందే కొలిచి ఉంచాం, లీటరుకి 110 మిల్లీగ్రాముల చుట్టూ ఉంది. అంత చక్కెర ఉన్న రసానికి అది చాలదు. నత్రజని ఇచ్చే డైఅమోనియం ఫాస్ఫేట్ కొంత వేశాం. ఒక్కరోజులో అంకె రెండు నుంచి సున్నాకి దగ్గరపడింది. ఆకలిగా ఉన్న ఈస్ట్ చేసే పని ఇది. అమైనో ఆమ్లాలు తయారుచేసుకోవడానికి సల్ఫైడ్ సిద్ధం చేసుకుంటుంది, దానితో జత కట్టడానికి నత్రజని లేకపోతే బయటికి వదిలేస్తుంది. రసాన్ని అతిగా తేర్చడం వల్ల మడ్డితోపాటు ఈస్ట్‌కి కావలసిన కొవ్వు పదార్థాలు కూడా పోయాయి. దాంతో అది ఇంకా నీరసించింది.

పిండిన రసం ట్యాంక్‌లో కథ వేరు. నత్రజని అక్కడ అంత తక్కువగా లేదు. పులియడం ఊపందుకోగానే వాసన మూడుకి చేరింది. అదే మోతాదు నత్రజని ఇచ్చినా అంగుళం కదల్లేదు. ఇది ఆకలి వాసన కాదు.

అదే పిండిన రసాన్ని రెండు పెద్ద గాజు బుడ్డీల్లో పక్కన పెట్టాం. ఒకదాన్ని చల్లగా ఉంచి బాగా తేర్చి పులియబెట్టాం, ఇంకొకదాన్ని మసకగానే. ఈస్ట్ ఒకటే, ఉష్ణోగ్రత ఒకటే. తేర్చినదానిలో వాసన నామమాత్రం. మసక బుడ్డీ మూత తీస్తే గదిలో నిలబడలేకపోయాం. అడుగున దిగిపోయే మడ్డిలో ఏదో ఉంది.

తోట మందుల పుస్తకంలో జవాబు ఉంది. ద్రాక్ష పండించే మన రైతులకి చెప్పక్కర్లేదు, బూడిద తెగులుకి గంధకం పొడి పాత మందు, చవక, సేంద్రియ సాగులోనూ చెల్లుతుంది. గ్రేకో గుత్తి బిగుతుగా ఉంటుంది, కోత అక్టోబరు దాకా సాగుతుంది. బంధువుల తోటలో సెప్టెంబరు మధ్యలో కూడా పొడి చల్లారు. కోతకి మూడు వారాలు కూడా లేవు. ఆ మధ్యలో వాన పడలేదు. పొడి కాయల మధ్యే ఉండిపోయింది, గట్టిగా పిండినప్పుడు రసంలోకి దిగింది.

ఇప్పుడు పాత ప్రయత్నాలు మళ్ళీ చూడండి. సల్ఫైడ్ ఇవ్వని ఈస్ట్ తొలి రసం ట్యాంక్‌లో నిజంగానే పనిచేసి ఉంటుంది. పిండిన రసంలో పనిచెయ్యదు. పులిసిన మర్నాడే రెండూ కలిపేశారు కాబట్టి సగం గెలుపు కూడా ఎవరికీ కనిపించలేదు. ఒక్కో కారణానికి ఒక్కో మందు వేసి చూస్తూ పోయారు, ప్రతిసారీ రెండో కారణం ఆ ఫలితాన్ని మింగేసింది.

ఏం మార్చాం

తోటతో మొదలుపెట్టాం. కోతకి కనీసం ఐదారు వారాల ముందు గంధకం ఆపాలన్నది నా షరతు. పెద్దాయనకి ఇది మింగుడుపడలేదు. "తెగులు వస్తే మీరొచ్చి ఏరతారా?" అన్నాడు. కాయకి బూడిద తెగులు ముప్పు పూత అయ్యాక మొదటి కొన్ని వారాల్లోనే ఎక్కువ. కాయ రంగు తిరిగే దశకి దానికి తట్టుకునే శక్తి వచ్చేస్తుంది. కాబట్టి మందు ఖర్చు, శ్రద్ధ జూన్‌లో పెట్టాలి. సెప్టెంబరులో చల్లేది కాయకన్నా మన మనశ్శాంతికే ఎక్కువ పనికొస్తుంది. ఆకుల మీద తెగులు మరీ కనిపిస్తే పొటాషియం బైకార్బనేట్ కొట్టమన్నాను. గుత్తుల చుట్టూ ఆకులు దూసి గాలి ఆడేలా చేశాం, పడమటి ఎండ తగిలే వైపు మాత్రం ఉంచేశాం. ఎండకి కాయ మాడితే చేదు వస్తుంది.

సెల్లార్‌లో తొలి రసాన్ని మునుపటి అంత తేర్చవద్దన్నాను, 100 నుంచి 150 ఎన్‌టీయూ దగ్గర ఆపాం. పిండిన రసానికి ఒక ట్యాంక్ ఖాళీ చేయించి పూర్తిగా చల్లబెట్టి తేర్చాం, అడుగు మడ్డిని తిరిగి వాడకుండా పారబోశాం. వైన్ కొంత పోతుందని కొడుకు బాధపడ్డాడు. వెనక్కి వచ్చిన లాట్ లెక్క కాగితం ఈసారి నేను ఆయన ముందు పెట్టాను.

నత్రజని విషయంలో మొత్తం ఒకేసారి మొదట్లో పొయ్యడం నాకు ఇష్టం లేదు. అలా చేస్తే ఈస్ట్ ఎగబడి పెరుగుతుంది, ట్యాంక్ వేడెక్కుతుంది, సగం దారిలో మళ్ళీ ఆకలి మొదలవుతుంది. అందుకని ఈస్ట్ ఊపందుకున్నాక ముందు ఈస్ట్ పొట్టుతో చేసిన సేంద్రియ పోషకం, చక్కెర మూడో వంతు తగ్గాక డైఅమోనియం ఫాస్ఫేట్. హెక్టోలీటరుకి 10 గ్రాములు వేస్తే లీటరుకి దాదాపు 21 మిల్లీగ్రాముల నత్రజని వస్తుంది. 30 గ్రాములతో మా అవసరం తీరింది. చట్టం ఒప్పుకునే 100 గ్రాములకి ఇది చాలా దూరం.

అన్నిటికన్నా ఎక్కువ వాదన గాలి మీద జరిగింది. రెండో పోషకం ఇచ్చేటప్పుడే ట్యాంక్‌లోకి ఆక్సిజన్ కూడా ఇవ్వాలన్నాను. తండ్రీకొడుకులిద్దరూ ఒక్కటయ్యారు: గ్రేకోకి గాలా? రంగు పోదా? భయం అర్థం చేసుకోదగ్గదే, ఆ దశకి మాత్రం వర్తించదు. ఉధృతంగా పులుస్తున్న ట్యాంక్‌లో కోట్లాది ఈస్ట్ కణాలు ఆక్సిజన్ కోసం ఎదురుచూస్తుంటాయి. ఇచ్చిన లీటరుకి 5 నుంచి 10 మిల్లీగ్రాములు కాసేపట్లో తాగేస్తాయి, రంగు దాకా వెళ్ళడానికి ఏమీ మిగలదు. రంగు చెడేది పులియడం అయిపోయాక ఇచ్చే గాలితో. ఆ గాలి మాత్రం వీళ్ళు చలికాలంలో ధారాళంగా ఇచ్చారు! ఒప్పించడానికి ఒక చిన్న ట్యాంక్‌కి మాత్రం గాలి ఇవ్వకుండా వదిలాం. పులియడం పూర్తయ్యాక రెండు గ్లాసులూ తెల్ల కాగితం మీద పెట్టి చూశాం. రంగులో తేడా చెప్పలేకపోయారు. వాసనలో తేడా గుమ్మం దగ్గర్నుంచే తెలిసింది.

మడ్డి గురించి. వీళ్ళ పాత పద్ధతి వైన్‌ని మార్చి దాకా మొత్తం మడ్డి మీదే ఉంచడం, దానితో చిక్కదనం వస్తుందని. చిక్కదనం ఇచ్చేది సన్న మడ్డి. అడుగున గట్టిపడిపోయే ముద్ద మడ్డి లోపల గాలి ఆడదు, గంధకం ఉంటే అందులోనే ఉంటుంది, మెర్కాప్టన్లు పుట్టేదీ అక్కడే. పులియడం ఆగిన కొద్దిరోజులకే వైన్‌ని ముద్ద మడ్డి నుంచి తీసేసి, సన్న మడ్డితోనే ఉంచి, వారానికోసారి కలియబెట్టాం. కలిపే ముందు ప్రతిసారీ అడుగు కొళాయి నుంచి పట్టి వాసన చూడాలి. పైనుంచి పట్టిన గ్లాసు బాగున్నంత మాత్రాన ట్యాంక్ బాగున్నట్టు కాదు.

రాగిని పూర్తిగా మానలేదు. ఒక ట్యాంక్‌లో పులియడం చివర్లో కొంచెం వాసన మిగిలితే, ఈస్ట్ ఇంకా ఉండగానే అతి తక్కువ మోతాదు వేశాం. అప్పుడు వేసిన రాగిని ఎక్కువగా ఈస్టే పీల్చుకుని మడ్డితో దిగిపోతుంది. సీసాలో నింపే ముందు వెయ్యడం ఆపేశాం. కార్క్ కాస్త గాలి చొరనిచ్చే రకానికి మార్చారు.

ఫలితం, మిగిలిన చిక్కులు

సీసాలో ఆరు నెలలు, తర్వాత ఏడాది గడిచాక గ్లాసుల పరీక్ష మళ్ళీ చేశాం. నాలుగు గ్లాసుల మధ్య తేడా పట్టుకోవడం కష్టమైంది. దిగుమతిదారు శాంపిల్ తీసుకుని తిరిగి ఆర్డరిచ్చాడు, మునుపటికన్నా తక్కువ పరిమాణానికి.

పెద్దాయనకి ఒక బెంగ ఉండేది: వాసనతోపాటు గ్రేకోకి ఉండే చెకుముకి రాయి లాంటి పరిమళం కూడా పోతుందేమోనని. ఆ బెంగలో న్యాయముంది. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చేలాంటి ఆ వాసన కూడా గంధకపు సమ్మేళనాలదే, కొనేవాళ్ళు దానికోసమే డబ్బిస్తారు. రాగి గుడ్డినది, మంచి చెడ్డా తేడా లేకుండా లాగేస్తుంది. సీసాలో నింపే ముందు రాగి వేసిన ఏళ్ళ వైన్లలో మొదటి నెలల్లో ఆ పరిమళం లేకపోవడానికి అదే కారణమని నా అభిప్రాయం. కొత్త వైన్‌లో అది సన్నగా ఉంది. పెద్దాయన దాన్ని వాసన చూసి "ఇదిగో, నేల" అన్నాడు. నేనేమీ అనలేదు.

పాత సీసాలకి చెయ్యగలిగింది పెద్దగా లేదు. ఒక్కొక్కటీ తెరిచి, ఆస్కార్బిక్ ఆమ్లం, రాగి వేసి మళ్ళీ నింపే ఖర్చుకి వైన్ విలువ సరిపోదు. పైగా ఆ గాలికి రంగు పోతుంది. వెనక్కి వచ్చిన లాట్‌ని డిస్టిలరీకి పంపమన్నాను, కొడుకు అలాగే చేశాడు. ఇంట్లో ఉన్నవి పెద్దాయన ఎవరికీ ఇవ్వలేదు.

ఇలాంటి ఫిర్యాదుతో ఎవరు పిలిచినా ఇప్పుడు నేను వైన్ రుచి చూడకముందే మూడు విషయాలు అడుగుతాను: తోటలో చివరి గంధకం తేదీ, ట్యాంక్‌వారీగా వాసన ఏ సాంద్రత దగ్గర మొదలైంది, నత్రజని ఇచ్చాక తగ్గిందా లేదా. మూడోదానికి జవాబు ఉంటే సగం పని అయినట్టే. రెండోదానికి జవాబు సాధారణంగా ఎవరి దగ్గరా ఉండదు, ఎందుకంటే ట్యాంకులు కలిపేసి ఉంటారు.

ఈ కోతకి ముందు వానలు ఆగకుండా కురిశాయి. తెగులు పైకొస్తోందని బంధువు గడువు దాటాక ఒక మడికి గంధకం కొట్టి, ఆ సంగతి దాచకుండా ఫోన్ చేసి చెప్పాడు. ఆ మడి ద్రాక్షని విడిగా కోసి, విడిగా పిండి, బాగా తేర్చి, చిన్న ట్యాంక్‌లో పెట్టాం. పులిసేటప్పుడు కొడుకు పేజీలో వాసన అంకె ఒకటి దాటలేదు. గంధకం అవశేషాల వల్ల సీసాలో పడ్డాక కూడా సల్ఫైడ్ పుట్టే అవకాశం ఉంది కాబట్టి దాన్ని మిగతా వైన్‌లో కలపనివ్వలేదు. వచ్చే శరదృతువులో సీసాలు తెరిచి నాలుగు గ్లాసులూ పెట్టాక దాన్నేం చెయ్యాలో చూస్తాం.